వానకు తడిసిన కంది కంప

నా నోరు మంచిది కాదు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. గిద్దలూరులో పప్పు మిల్లు వెనక షెడ్డులో పని మొదలుపెట్టిన ఏడాది బయటివాళ్లకు కూడా తెలిసింది.

కంది కంపను, అంటే కాయలు రాల్చాక మిగిలే కట్టెను, ముక్కలు కొట్టి, గాలి చొరకుండా మూసిన ఇనుప డ్రమ్ములో వేసి కాలిస్తే పొగలాంటి ఆవిరి వస్తుంది. దాన్ని చల్లబరిస్తే నల్లటి నూనె దిగుతుంది. మిల్లులో పప్పు ఆరబెట్టడానికి డీజిల్ బర్నర్ ఉంది. అది నా నూనెతో మండాలి, అదీ నా పని. మిల్లు యజమానిని మామా అని పిలిచేదాన్ని. తాతల నాటి నుంచి వ్యాపారం చేస్తున్న కుటుంబం. నా చదువు మీద నమ్మకంతో షెడ్డు ఊరికే ఇచ్చాడు. రెండుసార్లు నా నూనె పోసి చూశాం. రెండుసార్లూ పావుగంటలో బర్నర్ దగ్గి ఆరిపోయింది. సీసాలో దాచిన నూనె తెల్లారేసరికి విరిగిన పాలలాగా నీళ్లు వేరు, జిగురు వేరు అయిపోయేది.

"ఇంగొక్కసారి చూస్తా పాపా. గురువారం గూడా ఆరిపోయిందంటే షెడ్డు ఖాళీ చెయ్యి. శనగ బస్తాలు పెట్టుకునేదానికి చోటు లేదు నాకు" అన్నాడు మామ. ఆ షెడ్డు పోతే నన్ను నమ్మి ఇంకో చోటు ఇచ్చేవాళ్లు లేరు.

నూనెలో నీళ్లున్నాయంటే కంపలో తడి ఉన్నట్టే అనుకున్నాను. అందుకే వాన చుక్క తగలని కంపే తెమ్మని రాచర్ల వైపు రైతులకు గట్టిగా చెప్పాను. మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, ట్రాక్టరు నిండా తెచ్చాడు. ముసురులో వారం రోజులు పొలంలోనే నానిన కంప అది. తర్వాత ఎండబెట్టాడు గానీ నల్లబడింది. మామ, హమాలీలు, నలుగురు రైతులు చూస్తుండగా, "కుళ్లిన కంప తెచ్చి నా మొహాన కొడతావా?" అన్నాను. చిన్నాయన ట్రాక్టరు తిప్పుకొని పోయాడు.

"నోరు మంచిదైతే ఊరు మంచిది. పోయి తప్పయిందని చెప్పిరా" అని అమ్మ ఒకటే పోరు. మంగళవారం వాళ్లింటికి వెళ్లాను. చిన్నాయన నన్ను చూసి మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. పెరట్లో పిన్ని అంట్లు తోముతుంటే ఆమె దగ్గరికి పోయి కూర్చున్నాను.

"నువ్వు వద్దన్న కంపే పొయ్యిలో పెడతాండాం" అంది పిన్ని. "మంట బాగానే ఉండాది. బూడిదే దేనికీ పనికిరాదు పాపా. ఎంత తోమినా జిడ్డు వదల్దు. ఎప్పుడూ కంది బూడిదైతే ఒక్క పట్టుకే పోయేది."

నేను లేచి నిలబడ్డాను. గిన్నెల జిడ్డు వదిలించేది బూడిదలో ఉండే క్షారపు ఉప్పు. ఈ బూడిదలో అది లేదంటే కంపలో నుంచి దాన్ని వాన కడిగేసిందన్నమాట. డ్రమ్ములో ఆవిరిని పాడుచేసి నూనెను విరగ్గొట్టేది కూడా ఆ ఉప్పే. కంపను ముందు కడిగితే నూనె బాగుంటుందని చదివాను కూడా. నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే చోట కంప కడుగుతానంటే ఎవరు ఊరుకుంటారని పక్కన పెట్టేశాను. వాన ఊరికే కడిగిపెట్టినదాన్ని నేనే తిట్టి పంపించాను.

మంచం దగ్గరికి వెళ్లి, "తప్పయింది చిన్నాయనా. ఆ కంప నాకు కావాల" అన్నాను.

"తప్పు ఆడ చేసి ఈడ చెప్పుకుంటే ఎట్ల?" అన్నాడు ఇటు తిరగకుండానే. "నలుగురిలో అన్నావు. ఆ నలుగురిలోనే చెప్పు, దింపుతా."

గురువారం పొద్దున మిగిలిన కంపతో ట్రాక్టరు మిల్లులోకి వచ్చింది. చిన్నాయన సీటు మీద నుంచి దిగలేదు. ఆ రోజున్న హమాలీలూ రైతులూ ఉన్నారు, మామా ఉన్నాడు. నిజం చెబితే పరీక్ష కాకముందే మామ నన్ను పొమ్మనొచ్చు. చెప్పకపోతే కంప దిగదు.

"చిన్నాయన కంప కుళ్లింది కాదు. తెలీక నోరు పారేసుకున్నాను. ఇన్నాళ్లూ నూనె ఎందుకు చెడతాందో కూడా నాకు తెలీలేదు" అన్నాను.

"తెలీకుండానే రెండుసార్లు నా బర్నర్ చెడగొడితివా?" అన్నాడు మామ. ఆయనే ట్రాక్టరులో కంప వైపు చూసి, "సరే కానియ్యి, ఈ ఒక్కసారి" అన్నాడు. చిన్నాయన దిగి తాడు విప్పాడు.

మధ్యాహ్నానికి నూనె దిగింది. రాత్రంతా నిలవబెట్టి విరుగుతుందో లేదో చూసే వ్యవధి లేదు, నేరుగా బర్నర్‌లో పోశాం. పావుగంట దగ్గర పడుతుంటే మంట ఒకసారి దగ్గింది. మామ డీజిల్ వాల్వు మీద చెయ్యి పెట్టాడు. మంట మళ్లీ నిలబడింది. అరగంట దాటింది, గంట దాటింది. మామ చెయ్యి తీసేసి, "షెడ్డు ఉంచుకో పాపా" అన్నాడు.

తర్వాత చిన్నాయన వైపు తిరిగి, "తడిసిన కంపే పనికొస్తాదని ఎట్ల తెలిసింది నీకు?" అని అడిగాడు.

"నాకేం తెలుసు? మా పాప చదువుకున్నాది. ఆమే కనిపెట్టింది" అన్నాడు చిన్నాయన. ఆ మాటలో ఎకసెక్కెం లేదు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. బూడిదలో తేడా కనిపెట్టింది పిన్ని అని చెప్పాల్సింది. నాకు ఆ మాట బాగుంది, అందుకే ఊరుకున్నాను. దారి చూపింది తన బూడిద మాటేనని పిన్నికి కూడా నేను ఇప్పటికీ చెప్పలేదు.