క్రేనమ్మ అరగంట

ఆ ఆసుపత్రిలో రోగుల్ని చక్రాల కుర్చీలోంచి మంచమ్మీదకి మార్చే ఆయమ్మలు ఆరుగురు. క్రేనమ్మ అని పిలిచేది మాత్రం ఒక్కావిడనే. ఆ పేరు ఎవరు పెట్టారో తెలీదు గానీ, ఎంత భారీ మనిషినైనా "భయపడకండి, నా భుజం పట్టుకోండి" అంటూ అవలీలగా లేపేసేది. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచాయి. కాస్త పొగరు కూడా ఉండేదిలెండి, లేదని నేననను.

అలాంటి మనిషికి యాభై మూడో ఏట విషజ్వరం తగిలి నెలన్నర మంచాన పడేసింది. లేచేసరికి జాకెట్టు చేతులు వదులై వేలాడుతున్నాయి. డ్యూటీలో చేరిన మూడోరోజే ఒక ముసలాయన్ని లేపుతుంటే ఆవిడ పట్టు సడలిపోయింది. పక్కనున్న ఆయమ్మ అందుకోబట్టి సరిపోయింది, లేకపోతే ఆయన నేలమీద ఉండేవాడు. జారుతూ జారుతూ ఆయన తన ముఖంలోకి చూసిన చూపు క్రేనమ్మని చాలా రోజులు పీక్కుతింది.

హెడ్ నర్సు కోప్పడలేదు. "మూడు నెలలు టైమిస్తాను. ఆ తర్వాత నా కళ్ళముందు ఒక మనిషిని కుర్చీలోంచి మంచానికి మార్చి చూపించాలి. చేతకాకపోతే దుప్పట్లు మడతపెట్టే గదికి వేస్తాను. జీతంలో తేడా ఉండదులే" అంది. జీతం సంగతి ఎవరిక్కావాలి? దుప్పట్లు పలకరిస్తాయా, కష్టం చెప్పుకుంటాయా? ఆ గది తలుచుకుంటేనే క్రేనమ్మకి ఏడుపొచ్చేది.

ఫిజియోథెరపీ అమ్మాయి వ్యాయామాలు నేర్పింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, నీళ్ళ క్యాన్లు ఎత్తడం, ఇలాంటివి. జిమ్ముకెళ్ళే అల్లుడు ప్రోటీన్ పొడి డబ్బా తెచ్చాడు. డాక్టరు చూసి, తాగొచ్చన్నాడు. "అత్తయ్యా, వ్యాయామం అయిన అరగంటలోపు తాగెయ్యాలి. దాటిందా, చేసిందంతా వృథా" అన్నాడు అల్లుడు.

ఇంకొకరైతే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాళ్ళు. ఈవిడ ఆసుపత్రి మనిషి. పరగడుపు మాత్ర, తిన్నాక మాత్ర, ఎనిమిదింటి ఇంజెక్షన్, ఇవే వింటూ బతికింది. పొడినీ మందుల్లో కలిపేసింది. రోగి మంచానికి తగిలించినట్టు వంటింటి గోడకి ఒక చార్టు తగిలించింది. పరగడుపున వ్యాయామం, అరగంటలోపు పొడి, ఆ తర్వాత రెండు గంటలు ఏమీ తినకూడదని తనకి తానే పెట్టుకున్న పథ్యం. ఈలోపు బస్సు వేళయ్యేది. పొద్దుటి తిండి ఊసే లేదు.

ఒకరోజు పక్కింటావిడ మాటల్లో పెట్టింది. గడియారం చూస్తే నలభై నిమిషాలు. ఏం చేసిందనుకున్నారు? వృథా అయిపోయిందని వ్యాయామం మొత్తం మళ్ళీ మొదటినుంచీ చేసింది. ఆ వారంలో అలా రెండుసార్లు.

"అదేమన్నా బస్సా, టైముకి అందుకోకపోతే వెళ్ళిపోడానికి?" అన్నాడు మొగుడు.

"మీకు తెలీదు, ఊరుకోండి" అంది ఆవిడ ఆయాసపడుతూ. మొండిఘటం, ఒకరి మాట వింటుందా?

నెల తిరిగేసరికి బలం రాకపోగా ఉన్నది కాస్తా పోయింది. ఫిజియో అమ్మాయి ముందు క్యాను ఎత్తబోయి, కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. "నావల్ల కాదమ్మా. ఇక దుప్పట్లే నాకు గతి" అని బావురుమంది.

ఆ అమ్మాయి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, పొద్దుట్నుంచీ ఏం తిన్నావని ఆరా తీసింది. అప్పుడు బయటపడింది చార్టు సంగతంతా. నవ్వాలో ఏడవాలో ఆ అమ్మాయికి తెలీలేదు.

"పెద్దమ్మా, అది మాత్ర కాదు, తిండి. పాలలోంచి తీసిన తిండి. వ్యాయామానికి ముందు తాగినా, తర్వాత తాగినా, గంట అటూ ఇటూ అయినా కొంపలు మునగవు. రోజంతా కలిపి ఎంత తిన్నావన్నదే ముఖ్యం. నువ్వేమో గుక్కెడు పొడి తాగి కడుపు మాడ్చుకుంటున్నావు."

"మరి మా అల్లుడు..."

"ఆయన మూడు పూటలా సుబ్బరంగా తిని, దాని మీద పొడి తాగుతాడు. నువ్వూ పూటపూటా తిను. గుడ్లో, పప్పో, పెరుగో, ఏది కుదిరితే అది. తిండి చాలని పూట పొడి తాగు. వ్యాయామం రోజు విడిచి రోజు, అదీ ఒక్కసారే."

క్రేనమ్మకి ముందు సిగ్గేసింది, ఆ వెంటనే ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్ళి చార్టు పీకి పారేసింది. మొగుడు రోజూ గుడ్లు ఉడకబెట్టి కట్టిచ్చాడు, "నేను చెబితే చేదు, ఆ అమ్మాయి చెబితే తీపి" అని దెప్పుతూనే. పొడి ఒకరోజు పొద్దున, ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీ గదిలో. రెండో నెలాఖరుకి క్యాను ఎత్తితే గోడ పట్టుకోవాల్సిన పని రాలేదు.

పరీక్ష రోజు కుర్చీలో కాలు విరిగిన లారీ డ్రైవరు కూర్చున్నాడు, గుమ్మానికి అడ్డంపడేంత మనిషి. హెడ్ నర్సు చేతులు కట్టుకుని నిలబడింది. తోడుకి ఇంకో ఆయమ్మ ఉంది. క్రేనమ్మ కుర్చీ బ్రేకు వేసి, ఆయన ముందు వంగింది.

"ఎప్పుడైనా ఎవర్నైనా పడేశావా అమ్మా?" అన్నాడు ఆయన, ముఖాన నెత్తురు చుక్క లేకుండా.

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు.

"ఒకాయన్ని పడెయ్యబోయాను. అందుకే రెండు నెలలుగా మిమ్మల్ని ఎత్తడానికే తింటున్నాను."

ఆయన గట్టిగా కళ్ళు మూసుకుని, ఆవిడ భుజం పట్టుకున్నాడు.

"ఇంకా ఎప్పుడు లేపుతావమ్మా?" అన్నాడు కాసేపటికి, కళ్ళు తెరవకుండానే.

"మంచమ్మీదే ఉన్నారు బాబూ. భుజం వదిలితే, అవతలాయన్ని కూడా మార్చాలి."