మరియమ్మ గేదె

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. అవే ఉంటే, ఐదో తరగతిలో బడి ఎగ్గొట్టినందుకు మా పంతులుగారు పోయాకైనా బెత్తం పట్టుకుని నాకోసం వచ్చేవారు. రాలేదు.

ఇది అరవైల నాటి సంగతి. నందిగామ దగ్గర పల్లె మాది. నా భార్య మరియమ్మ జగ్గయ్యపేట నుంచి కాపురానికొస్తూ ఒక గేదె పెయ్యను వెంట తెచ్చుకుంది. మాకు పిల్లల్లేరు. జ్వరమొచ్చి ఆమె పోయాక ఇంట్లో మిగిలింది నేనూ, ఆ గేదే.

అది మరియమ్మకు తప్ప ఎవరికీ పాలు చేపేది కాదు. అందుకని ఆమె పాత చీర నెత్తిన కప్పుకుని పాలు పిండేవాణ్ణి. మా వైపు ఇది మామూలే. పక్కింటి ఏసోబు గోడమీంచి, "ఏం వదినా, పొద్దున్నే పనిలో పడ్డావా?" అనేవాడు.

"పళ్ళు రాలగొడతా మరిదీ!" అనేవాణ్ణి.

చీర మడతపెట్టేటప్పుడు మాత్రం నవ్వొచ్చేది కాదు.

ఒక ఏడు గేదె ఈనిన మర్నాడు, జున్నుపాలు పిండాక కూలబడిపోయింది. మెడ డొక్కలోకి తిప్పేసింది. చెవులు చల్లబడ్డాయి. అదీ పోతే నేను ఇంటికి రావడానికి కారణమే ఉండదు. ఏసోబు నందిగామ వెళ్ళి, కొత్తగా వచ్చిన పశువుల డాక్టరును పంపించి పొలానికి పోయాడు.

"కాల్షియమంతా పాలల్లోకి పోయిందండీ," అన్నాడు డాక్టరు, సీసా మెడనరంలోకి ఎక్కిస్తూ. "ఒంట్లో ప్రతి కణానికీ మీగడలా పలచని కొవ్వుపొర ఉంటుంది. నరం కొసన ఆ పొర దాటి కాల్షియం లోపలికెళ్తేనే, లెమ్మన్న కబురు కండకు అందేది."

"కబురందక కాదండీ, నా మొహం చూళ్ళేక పడుకుంది."

ఆయన నవ్వలేదు. సీసా అయిపోయింది. గేదె లేవలేదు. "ఈపాటికి లేవాలే," అని గొణుక్కున్నాడు. కొత్తమనిషి ముందు చీర కప్పుకోవడానికి నాకు సిగ్గేసింది.

మిట్టమధ్యాహ్నం. వీధిలో పిట్ట కూడా లేదు. ఉన్నట్టుండి గేదె చెవులు నిక్కించింది. వంటింటి వైపు తల తిప్పి, సన్నగా అరిచి, లేచి నిలబడింది.

డాక్టరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "సగం నా మందు, సగం మీ ఆవిడ పిలుపు. 'దా తల్లీ, దా' అని ఎంత ముద్దుగా పిలిచారండీ! కాసిన్ని మంచినీళ్ళిమ్మనండి."

మరియమ్మ అచ్చం అలాగే పిలిచేది. వంటింటి తలుపుకు బయట గొళ్ళెం వేసే ఉంది. తీసి చూశాను. కడవ, బోర్లించిన గ్లాసు. అంతే.

నీళ్ళు నేనే తెచ్చిచ్చాను. "ఆవిడ పనిలో ఉందండీ," అన్నాను.

గేదె కాల్షియంతోనే లేచి ఉండొచ్చు, కాదనను. ఆ పిలుపు ఆయనకెలా తెలిసిందో మాత్రం ఇప్పటికీ అంతుపట్టదు. గేదెకు వినబడింది. ముక్కూమొహం తెలియని డాక్టరుకు వినబడింది. పక్కనే ఉన్న నాకు వినబడలేదు.

ఆ తర్వాత ఎన్నో మధ్యాహ్నాలు వంటింటి గడప మీద చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. గేదె నెమరేస్తున్న చప్పుడే.