లుబాగ్ లేని ఇల్లు

పొద్దున్నే కొడుకు కాఫీ తాగుతుంటే వాడి ఎడమ కన్ను ఎన్నిసార్లు కొట్టుకుంటుందో ఫిలోమెనా లెక్కపెట్టేది. ఈస్టర్‌కు ముందు ఉపవాసాల రోజుల్లో పట్టుకుంది ఈ పాడు అలవాటు. రోల్దాన్ రెండు కళ్ళూ కలిపి ఆర్పితే హమ్మయ్య అనుకునేది. ఎడమది ఒక్కటే గట్టిగా మూసుకుపోయి, తెరుచుకోవడానికి కాసేపు తటపటాయిస్తే మాత్రం ఆమెకు ముద్ద గొంతు దిగేది కాదు. నిన్న ఆరుసార్లు. ఇవాళ తొమ్మిది. వాడికి ముప్పయ్యేడు నిండి రెండు నెలలు.

"నా మొహంలో సినిమా ఏమన్నా ఆడుతోందేంటే అమ్మా, అలా చూస్తావు?" అన్నాడు రోల్దాన్, వెల్లుల్లి అన్నంలో ఎండుచేప నంజుకుంటూ.

"కంట్లో నలక పడిందేమోనని."

"రోజంతా రోడ్డు మీద బండి తోలేవాడి కంట్లో నలక కాక ముత్యాలు పడతాయా?"

నవ్వుకుంటూ లేచి మూడు చక్రాల బండి తీసుకుని బజారుకు పోయాడు. వాడి నవ్వు చూస్తే ఆమెకు ఇంకా దిగులేసింది. వాడికి ఏమీ తెలియదు. తెలిసింది తనకొక్కదానికే.

మా కపీస్ తీరంలో ఆ జబ్బు పేరు ఎవరూ గట్టిగా పలకరు. లుబాగ్. మగవాడు నలభైకి అటూ ఇటూగా ఉండగా పట్టుకుంటుంది. మెడో, దవడో, కాలో తన ఇష్టం వచ్చినట్టు మెలితిరగడం మొదలుపెడుతుంది. కొన్నేళ్ళకు ఒళ్ళంతా కొయ్యబారుతుంది. ఫిలోమెనా అన్నల్లో పెద్దవాడు అగాపితో పడవలు చేసేవాడు. అతనికి ముందు కన్నే కొట్టుకుంది. తర్వాత దవడ తెరిస్తే మూయలేడు, మూస్తే తెరవలేడు. మూడేళ్ళపాటు ఫిలోమెనా అతనికి గంజిలో చేప మెత్తగా మెదిపి చెంచాతో పోసింది. సగం గొంతులోకి, సగం గడ్డం మీదకి. రెండోవాడు సెల్సో నడుస్తుంటే చెప్పు ఈడ్చుకుంటూ వచ్చే చప్పుడు వీధి చివర నుంచి వినిపించేది. ఇప్పటికీ ఎవరైనా చెప్పులు ఈడిస్తే ఆమె పని ఆపి వీధిలోకి చూస్తుంది. మూడో అన్నకు మాత్రం అరవై దాటినా ఏమీ రాలేదు.

ఊళ్ళో కొందరు చేతబడి అన్నారు, కొందరు ఆ ఇంట్లో ఎవరో మంత్రగత్తె ఉండి ఉంటుందన్నారు. ఆ మాటలు ఫిలోమెనా చెవిన వేసుకోలేదు. ఆమె చూసింది ఒకటే: మగవాళ్ళకే వస్తోంది, ఆడవాళ్ళ జోలికి రావడం లేదు. తండ్రి ముప్పయ్యేళ్ళకే తుఫానులో సముద్రం పాలయ్యాడు కనుక, బతికుంటే అతనికీ వచ్చేదేనని అందరూ తేల్చేశారు. అంటే ఇంటిపేరుతో పాటు, పడవతో పాటు, తండ్రి నుంచి కొడుక్కి దిగే ఆస్తి అన్నమాట. ఆడపిల్ల పెళ్ళి చేసుకుని పేరు మార్చుకుందంటే జబ్బును పుట్టింటి గడపలోనే వదిలి వచ్చినట్టు. తీరంలో పాతకాలం నుంచీ ఉన్న నమ్మకమే అది; ఫిలోమెనా అమ్మమ్మ కూడా అలాగే నమ్మింది. అందుకే మనవరాలి కోసం లుబాగ్ లేని ఇల్లు వెతకడానికి కాళ్ళరిగేలా తిరిగింది.

ఫిలోమెనాకు చూసిన వరుడు వెనాన్సియో ఇంటివాళ్ళ గురించి ఆ ముసలావిడ ఏడు తరాలు ఆరా తీసింది. చర్చి పుస్తకాల్లో చావులు వెతికించింది. చివరికి పెళ్ళికొడుకు చేతిలో గ్లాసు నిండా కొబ్బరి కల్లు పోసి, చేపల చెరువు గట్టు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడవమంది. అతను చుక్క ఒలకకుండా నడిచొచ్చి, గ్లాసు ఆవిడకు ఇవ్వకుండా తనే గటగటా తాగేశాడు. "మంచి ఇల్లు," అంది అమ్మమ్మ. ఫిలోమెనా ఆ రోజుతో పీడ విరగడైందనుకుంది. రోల్దాన్ పుట్టినప్పుడు వాడి ముక్కు, చెవులు అచ్చం తండ్రివేనని ఊరంతా చెప్పి మురిసిపోయింది.

ఇక దామియన్ సంగతి. అగాపితో ఒక్కగానొక్క కొడుకు, రోల్దాన్ కంటే నాలుగేళ్ళు చిన్న. నెమ్మదస్తుడు. ఐదేళ్ళ కిందట ఒర్తెన్సియా కూతురు నింఫాతో వాడికి సంబంధం కుదిరింది. మా వైపు ఆచారం ప్రకారం పెళ్ళికొడుకు తరఫు పెద్దలు కాల్చిన పందితో, కల్లుకుండలతో పిల్ల ఇంటికి వెళ్ళారు. తండ్రి లేడు కనుక మేనత్తే ముందు మాట్లాడాలి. ఫిలోమెనా లేచి నిలబడింది.

"ఒర్తెన్సియా, నీకు తెలియంది కాదు. వీడి తండ్రి లుబాగ్‌తో పోయాడు. నలభై దాటకుండా వీడికీ వస్తుంది. మా వదిన పడిన పాట్లు నేను కళ్ళారా చూశాను. ఆ బతుకు ఇంకో ఆడపిల్లకు రాకూడదు. పిల్లనివ్వకు."

తెచ్చిన పందిని ఎవరూ ముట్టుకోలేదు. నింఫా ఏడాది తిరక్కుండా ఇంకొకరిని చేసుకుని ఇలోయిలో పట్నానికి వెళ్ళిపోయింది. దామియన్ మళ్ళీ పెళ్ళి మాట ఎత్తలేదు. అత్త మీద కోపం కూడా పెట్టుకోలేదు. కిటికీలకు, దీపాలకు వాడే పల్చటి ఆల్చిప్పలు కోసే పని ఆమెతో కలిసి ఆమె పెరట్లోనే చేస్తున్నాడు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "అత్త ఉన్నమాటే చెప్పింది" అనేవాడు. మనసు చంపుకోకుండా నిజం చెప్పానని ఫిలోమెనాకు ఇన్నాళ్ళూ కాస్త గర్వంగానే ఉండేది, ఎందుకు దాచాలి.

ఆ రోజే ఊళ్ళో ఆరోగ్య కేంద్రానికి నరాల డాక్టరమ్మ వచ్చింది, ఒక్క రోజు కోసం. లుబాగ్ ఉన్న ఇళ్ళవాళ్ళు రమ్మని చాటించారు. రోల్దాన్ బండి సందు తిరిగేదాకా ఆగి, ఫిలోమెనా తల మీద గుడ్డ కప్పుకుని నడుచుకుంటూ వెళ్ళింది. బండి వాళ్ళెవరైనా చూస్తే వాడికి చెప్తారని భయం. తండ్రి వైపు మంచిదే కదా, అది వట్టి నలకే అని డాక్టరమ్మ నోట అనిపించుకుని వచ్చేద్దామని ఆశ.

డాక్టరమ్మ చిన్న వయసుది. కాగితం మీద మగవాళ్ళకు చదరాలు, ఆడవాళ్ళకు సున్నాలు గీసుకుంటూ పోయింది. అన్నలు ఎవరు, ఎవరికి వచ్చింది, ఎప్పుడు పోయారు, అన్నీ అడిగింది. అగాపితో చదరం కింద దామియన్ కోసం ఇంకో చదరం గీసి, "వీళ్ళమ్మది ఏ ఊరు? ఆవిడ వైపు ఎవరికైనా ఉందా?" అని అడిగింది.

"లేదమ్మా. ఆవిడది ఇక్కడి రక్తమే కాదు, సముద్రం అవతలి దీవి."

"అయితే ఈ అబ్బాయికి రాదు."

"వాడి తండ్రికి వచ్చిందమ్మా."

"తండ్రికి వచ్చినంత మాత్రాన కొడుక్కి రాదు పెద్దమ్మా. ఈ జబ్బు ఎక్స్ క్రోమోజోమ్ అనే పోగులో ఉంటుంది. ఆడదానికి అవి రెండు. ఒకటి చెడినా రెండోది పని నెట్టుకొస్తుంది, అందుకే ఆడవాళ్ళు గట్టిగా ఉంటారు. మగవాడికి ఒక్కటే. ఆ ఒక్కటీ తల్లి ఇచ్చేదే. తండ్రి కొడుక్కి అది ఇవ్వడు."

ఫిలోమెనా కాగితం మీదకు వంగింది. "అంటే మా అన్నలకి..."

"మీ అమ్మ నుంచి వచ్చింది. మీ నాన్నగారి తప్పు లేదు." డాక్టరమ్మ పెన్సిలు ఫిలోమెనా సున్నా మీదకు వచ్చి ఆగింది. "మీకూ వచ్చి ఉండవచ్చు, రాకపోనూ వచ్చు. మీకు ఉంటే మీ కొడుకుల్లో ఒక్కొక్కరికీ సగం సగం అవకాశం. మీకు మగపిల్లలు ఉన్నారా?"

"లేరు," అంది ఫిలోమెనా.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని నమ్మడానికి ఆమెకు కాసేపు పట్టింది. డాక్టరమ్మ సున్నా కింద ఏమీ గీయకుండా కాగితం తిప్పేసింది. "నాలుగింటిదాకా ఇక్కడే ఉంటాను, ఇంకెవరైనా ఉంటే పంపండి," అంది.

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఏడు తరాలు ఎవరివి వెతికారు? గ్లాసు ఎవరి చేతిలో పెట్టారు? జబ్బును గడపలో వదిలి రాలేదు, కడుపులో మోసుకొచ్చింది. కన్నతల్లే కొడుక్కి పెట్టింది. తలుచుకుంటే తన ఒళ్ళు తనకే అసహ్యంగా తోచింది.

పెరట్లో దామియన్ చిప్పల అంచులు కత్తిరిస్తున్నాడు. ఆమె వాడి ఎదురుగా కూలబడింది.

"నీకు రాదురా. డాక్టరమ్మ చెప్పింది. తండ్రి నుంచి కొడుక్కి రాదట. తల్లి నుంచేనట. నీ గొంతు కోశానురా నేను."

దామియన్ కత్తెర కింద పెట్టాడు. చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. సంతోషిస్తాడేమో, తిడతాడేమో అని ఆమె చూస్తోంది. తిడితే బాగుండుననిపించింది.

"మరి రోల్దాన్‌కో?" అన్నాడు.

ఆమె కింద పడ్డ చిప్ప ముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

"నాకు ఎప్పుడొస్తుందా అని రోజూ అద్దంలో చూసుకునేవాణ్ణి అత్తా. ఎలా మొదలవుతుందో నాకు కంఠతా వచ్చు. వాడి కన్ను నేనూ చూశాను. వాళ్ళ నాన్నది మంచి ఇల్లు కదా, కల్లు ఎక్కువైందేమోలే అనుకున్నా."

"నువ్వు చెప్పరా వాడికి. నా వల్ల కాదు."

"నేను చెప్పను." వాడి గొంతు మొదటిసారి గట్టిపడింది. "నా సంగతి పదిమందిలో లేచి నిలబడి చెప్పావు. వాడి సంగతి వాడొక్కడికి చెప్పలేవా?"

అది ఆమెకు తగలవలసిన చోటే తగిలింది. ఏడుపు కూడా రాలేదు. అలాగే కూర్చుంది, రోల్దాన్ మధ్యాహ్నం అన్నానికి వచ్చి బండి ఆపేదాకా.

"ఏంటి, ఇద్దరూ చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు?" అంటూ వచ్చాడు వాడు.

"నాయనా, నీ కంట్లోది నలక కాదేమో," అంది ఫిలోమెనా. చదరాలు, సున్నాలు, తల్లి ఇచ్చే పోగు, అంతా చెప్పింది. రోల్దాన్ మొహంలో నవ్వు ఇంకిపోతుంటే చూసి కూడా ఆపలేదు. "వచ్చి ఉంటే నా నుంచే వచ్చింది. మీ నాన్న నుంచి కాదు. మగపిల్లలున్నారా అని డాక్టరమ్మ అడిగితే, లేరని చెప్పొచ్చానురా."

రోల్దాన్ తిరిగి వెళ్ళి బండి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఇంకా ఉందా ఆవిడ?"

"నాలుగింటిదాకా ఉంటానంది."

వాడు సీటు మీద దుమ్ము అరచేత్తో తుడిచి, బండి ఇటు తిప్పాడు.

"ఎక్కు," అన్నాడు. "వెళ్ళి, ఉన్నాడని చెబుదువుగాని."