బాత్రూంలో ట్రంపెట్

నలభై ఒకటో ఏట ట్రంపెట్ పట్టాను. మా చర్చిలో ఊదే పెద్దాయన వేరే ఊరు వెళ్లిపోతూ తన వాయిద్యాన్ని మాకు వదిలి వెళ్లారు. "ఈస్టర్‌కి ఎవరు ఊదుతారు?" అని పాస్టరు గారు అడిగితే ఎందుకో నా చెయ్యే పైకి లేచింది. అప్పటికి ఐదు నెలల టైముంది.

ఇంటికి తెచ్చాక భయం పట్టుకుంది. పుప్పాలగూడలో మాది ఏడో అంతస్తు. గోడకు మేకు కొడితేనే ఫోన్లు వస్తాయి. ఆన్‌లైన్‌లో నేర్పే మాస్టారు చెప్పారని మ్యూట్ కొన్నాను. బిరడాలాంటి వస్తువు, ట్రంపెట్ వెడల్పాటి మూతిలో దూరిస్తే శబ్దం సన్నబడిపోతుంది. అదీ చాలదని, ఆఫీసుకు వెళ్లే ముందు అరగంట బాత్రూంలో తలుపేసుకుని ఊదేదాన్ని. పెదవులు తిమ్మిరెక్కేవి. అయినా ఒక్క స్వరం నిలబడిన రోజున క్యాబ్‌లో నాలో నేనే నవ్వుకునేదాన్ని.

నాలుగు నెలలయ్యాక ఒక శనివారం బెల్లు మోగింది. కింది ఫ్లాటు పెద్దావిడ. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి. లిఫ్టులో నవ్వుకోవడమే తప్ప ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"మా బాత్రూంల రోజూ పొద్దుగాల తుమ్మెద మోగినట్టయితుంది. ప్లంబర్‌ను పిలిస్తే పైపుల ఏం లేదన్నడు. మీ ఇంట్ల గిట్లనే ఉందా?"

"అది నేనేనండి. క్షమించండి, ఇకమీదట ఊదను" అంటూ ట్రంపెట్ తెచ్చి చూపించాను.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత పెద్దది గంత సన్నగ మోగుడేంది? ఆ మూత తీసి ఊదు బిడ్డా, జర వింట."

"అందరూ గొడవ చేస్తారండి!"

"పదకొండాయె. ఇప్పుడెవరు పండుకుంటరు? ఫికర్ చెయ్యకు, నేనున్న గద."

నిజానికి నా అసలు శబ్దం ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకూ తెలియదు. మ్యూట్ లాగేశాను. బాల్కనీ తలుపు తెరిచి, నిండుగా ఊపిరి పీల్చి, ఈస్టర్ పాట మొదటి వరుస ఊదాను.

అబ్బ! కిటికీ అద్దాలు జివ్వుమన్నాయి. ఎదురు టవరుకు కొట్టుకుని ఆ స్వరం నా మీదికే తిరిగొచ్చింది. ఒళ్లంతా ఝల్లుమంది. అది నా ఊపిరేనంటే నమ్మలేకపోయాను. ఎదురు బాల్కనీల్లోకి ఒక్కొక్కరే వచ్చారు. ఒకాయన నోట్లో బ్రష్షుతోనే నిలబడిపోయాడు.

అంతలో ఇంటర్‌కమ్ మోగింది. గేటు దగ్గరి సెక్యూరిటీ. పెద్దావిడే అందుకుంది.

"ఆఁ, నేనే ఊదమన్న. ఎవరికన్న పరేషానుంటే నా ఫ్లాటుకు రమ్మను. ఇగ పెట్టెయ్, పాట మధ్యలున్నది."

ఆ సాయంత్రమే ఆవిడ అసోసియేషన్ వాళ్లతో మాట్లాడి, శనివారం పొద్దున పావుగంట నేను మ్యూట్ లేకుండా ఊదుకునేలా ఒప్పించింది.

ఈస్టర్ నాడు సూర్యుడు వచ్చే వేళకు చర్చి ఆవరణలో నిలబడి ఊదాను. రెండో చరణంలో ఒక స్వరం జారింది. ఆపలేదు. చివరి పై స్వరం గట్టిగా, సూటిగా నిలబడింది. నేను పిలిచానని జరీ చీర కట్టుకుని వచ్చిన పెద్దావిడ, పాస్టరు గారు "ఆమెన్" అనకముందే చప్పట్లు కొట్టేసింది. పక్కవాళ్లు ఒక్క క్షణం తెల్లబోయి చూసి, వాళ్లూ కొట్టారు.