రెండో జాగ్రత్త

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ముప్పై మంది వంటమాస్టర్ల ముందు నా పరువును పరుగులు పెట్టించిన కథ ఇది. భోంచేస్తూ చదవకండి. చదివితే నా పూచీ లేదు.

జమ్మలమడుగులో హోటళ్ల వంటవాళ్లకు నేను ఆహార శుభ్రత గురించి పాఠం చెప్పాలి. వెనక బెంచీలో మా ఆఫీసరు కూర్చుంటాడు. పాఠం నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. వాళ్లకు చూపించడానికని ముందురోజే పులివెందులలో, ఉడికించి ముక్కలు చేసిన కోడిమాంసం ప్యాకెట్ ఒకటి కొన్నాను. దాని మీద "చల్లగా ఉంచాలి" అని రాసుంది. నా పాఠంలో అసలు మాట అదే!

ఆ ప్యాకెట్‌ను సంచిలో పడేసి, మే నెల ఎండలో బస్సెక్కి, సాయంత్రానికి ప్రొద్దుటూరులో మేనత్త ఇంటికి చేరాను.

"ఆ కోడి ఇట్లియ్యే, ఫ్రిజ్జులో పెడతా" అంది అత్త.

"అవసరం లేదత్తా. ఉడికించిందే గదా, క్రిములన్నీ ఎప్పుడో సచ్చింటాయి."

"సచ్చినాయని నీకు తెలుసు సరే, వాటికి తెలుసునా?"

క్రిముల మీద పట్టా పుచ్చుకున్నదాన్ని, అత్త మాట వింటానా? తెల్లారి ఆమె టిఫినుకు బొరుగుల ఉగ్గాని చేసేలోపు ఆకలాగక ప్యాకెట్ చించాను. రెండు ముక్కలు తింటే ఏమవుతుందిలే అనుకున్నాను. చివరికి ప్యాకెట్‌లో మిగిలినవి రెండు ముక్కలు.

పదకొండింటికి జమ్మలమడుగులో, ఆ ప్యాకెట్‌ను బల్ల మీద పెట్టి పాఠం మొదలుపెట్టాను.

"వండిన కోడినీ పచ్చి కోడినీ పక్కపక్కన పెట్టకూడదు. ఇది మొదటి జాగ్రత్త" అన్నాను. కడుపులో ట్రాక్టర్ స్టార్టయింది. "రెండో జాగ్రత్త..."

ముందు వరుసలో బిర్యానీ మాస్టర్ మస్తాన్ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. "రెండోది ఏంది మేడం? రాసుకుంటాండాం."

"బాత్రూం ఎక్కడ?"

"ఆడుంది మేడం, మెట్ల కింద!"

చెప్పేవి శ్రీరంగనీతులు, దూరేది మెట్ల కింద! మూడు విడతల తర్వాత తిరిగొచ్చేసరికి మస్తాన్ ప్యాకెట్ చదువుతున్నాడు.

"చల్లగా పెట్టల్లంట గదా మేడం. పెట్టినారా?"

"లేదు."

"తిన్నారా?"

"ఊఁ."

హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది మా ఆఫీసరే. "పాఠం శానా బాగా ఎక్కిందమ్మా. ఉద్యోగం ఖాయం. ఊరూరా ఇంత కష్టపడి సూపించే పన్లేదులే" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను, సంతోషంతో బతికిపోయాను.

మరుసటి నెల తనిఖీకని మస్తాన్ హోటల్‌కు వెళ్లాను. వంటిల్లు అద్దంలా ఉంది. ఫ్రిజ్జు మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించి ఉంది:

"మేడం చెప్పిన జాగ్రత్తలు. ఒకటి: వండిన కోడి, పచ్చి కోడి పక్కపక్కన పెట్టరాదు. రెండు: బాత్రూం ఎక్కడ?"

ఆ కాగితం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా పాఠాన్ని నేనే తినను. ఉగ్గాని అయ్యేదాకా ఆగుతాను. అత్త అడిగితే కోడినే కాదు, నా పట్టాను కూడా ఫ్రిజ్జులో పెట్టమని ఇచ్చేస్తాను.