జేమ్స్‌టౌన్ బాపతు మనుషులం

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్ రేపో మాపో ఖాళీ చేసేదానిలా ఉండేది. టీవీ వచ్చిన అట్టపెట్టె మీదే టీవీ, నేల మీద పరుపులు. సోఫా కొందామని అమ్మ అంటే నాన్నది ఒకటే సమాధానం: "రెండేళ్ళలో వెళ్ళిపోతాం కదా!" (ఆ రెండేళ్ళు నేను ఒకటో క్లాసులో ఉన్నప్పటి నుంచీ వింటున్నాను.)

ఏడో క్లాసులో సోషల్ టీచర్ ఒక ప్రాజెక్ట్ ఇచ్చింది. మూడున్నర వందల ఏళ్ళ కిందట ఇంగ్లండ్ నుంచి అమెరికాకి, ముందు జేమ్స్‌టౌన్‌కి వచ్చినవాళ్ళూ, తర్వాత ప్లిమత్‌కి వచ్చినవాళ్ళూ ఎందుకు వచ్చారో పోల్చాలి; మన ఇంట్లోవాళ్ళు ఎవరి బాపతో కూడా చెప్పాలి. నేల మీద చార్టు పరుచుకుని నాన్నకి చదివి వినిపించాను. మొదటివాళ్ళు బంగారం కోసం వచ్చారు, దొరికింది పట్టుకుపోదామని పంటల సంగతి సరిగ్గా పట్టించుకోలేదు, ఆకలితో చచ్చారు. రెండోవాళ్ళు తమ పద్ధతిలో దేవుణ్ణి కొలుచుకుందామని పెళ్ళాం పిల్లలతో వచ్చి ఉండిపోయారు.

"ఇంకేం, మనం జేమ్స్‌టౌనే! నాలుగు డాలర్లు సేవ్ చేసుకుని వెళ్ళిపోవడమే," అన్నారు నాన్న, ఆకలి చావుల సంగతి వదిలేసి.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "మరి నన్నూ పిల్లనీ ఎందుకు తెచ్చారండీ? తెచ్చారు కాబట్టి డ్రైవింగ్ నేర్పించండి. మీరు కార్ తీసుకుని ఆఫీస్‌కి వెళ్తే, పాలు కావాలన్నా సాయంత్రం దాకా కూర్చోవాలి. గుంటూరులో రోజూ బస్సెక్కి కాలేజీకి వెళ్ళి పాఠాలు చెప్పినదాన్ని నేను."

"రెండేళ్ళ కోసం లైసెన్స్ ఎందుకే?"

నేను నాన్న పక్షం. క్లాసులో దర్జాగా నిలబడి, మాది బంగారం బాపతని చెప్పి, ఉత్సాహం ఎక్కువై "త్వరలోనే వెళ్ళిపోతున్నాం" అనేశాను. మన రెండేళ్ళంటే ఏమిటో ఆ టీచర్‌కేం తెలుసు పాపం! వేసవి సెలవుల ముందు కేక్ తెప్పించి నాకు వీడ్కోలు పార్టీ ఇచ్చింది. ఇద్దరమ్మాయిలు ఏడ్చారు కూడా. సెప్టెంబర్‌లో అదే స్కూల్లో, అదే బ్యాగుతో, ఎవరికీ కనపడకుండా గోడవారగా నడిచాను. ఇంట్లో చెబితే నాన్న పొట్ట పట్టుకుని నవ్వారు. అమ్మ నవ్వలేదు.

నేను కాలేజీలో చేరిన ఏడాది ఇల్లు కొన్నారు. ఆ తర్వాతి ఆదివారమే నాన్న తాళాలు అమ్మ చేతిలో పెట్టి, "పద, నేర్పిస్తా" అన్నారు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో అమ్మ స్టీరింగ్ పట్టుకుని కాసేపు కూర్చుని, దిగిపోయింది.

"అప్పుడైతే ధైర్యం ఉండేదండీ. ఇప్పుడు భయమేస్తోంది."

నాన్న ఎంత బతిమాలినా మళ్ళీ ఎక్కలేదు.

ఇప్పుడు అమ్మని నేనే తిప్పుతాను. పక్క సీట్లో కూర్చుని, "లెఫ్ట్ లేన్‌లోకి వెళ్ళవే, ముందు ట్రక్కు ఆగేలా ఉంది" అంటుంది. నాన్న పక్షం పట్టిన ఆనాటి పన్నెండేళ్ళ మేధావిని తలుచుకుని నాలో నేను నవ్వుకుంటాను. ట్రక్కు ఆగుతుంది. అప్పుడే నేర్పించి ఉంటే ఎంత బాగా నడిపేదో మా అమ్మ!