బాపు తువ్వాల వేసుకుని నల్గొండ నుంచి మక్తల్ దాకా ఇల్లు వెతికిన రెండు రోజులు

ఊరు మారాలనుకునేవాళ్లు ముందు నీళ్లు చూస్తారు, బడి చూస్తారు, కిరాయి అడుగుతారు. నేను మాత్రం ఆ ఊళ్లో గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారా లేదా అన్నది ముందు చూస్తాను. ఇది పుట్టుకతో వచ్చిన తెలివి కాదు, చేతులు కాల్చుకుంటే వచ్చింది. నేను పశువుల డాక్టరును. నల్గొండ వైపు ఒక ఊళ్లో (పేరు రాయను, వాళ్లూ చదువుతారు) మూడేళ్లు సొంత దవాఖాన పెట్టుకుని గొర్రెలకూ మేకలకూ వైద్యం చేశాను. ఒక వానాకాలం రెండు మందల్లో ఒకేసారి చిటుక రోగం వచ్చింది. పొద్దున బాగా మేసిన జీవం సాయంత్రానికి గిలగిలా కొట్టుకుని చచ్చిపోయే జబ్బు అది. ఎక్కడ ఎక్కువ చస్తున్నాయో అక్కడికి ముందు పరుగెత్తాను. అది సర్పంచి ఎన్నికల్లో గెలిచిన వర్గం మంద అట. అంతే, ఓడిన వర్గం వీధి నన్ను పిలవడం మానేసింది.

ఆ వీధిలోనే, మా దవాఖాన వెనక గోడకు ఆనుకుని, ఒక అవ్వ ఉండేది. ఆమెకు పదకొండు మేకలు, అవే ఆమె బతుకు. జబ్బు వాటికీ వచ్చినప్పుడు కొడుకు నన్ను పిలవనివ్వలేదు. నాలుగే మిగిలాయి. తర్వాత ఒకసారి సంతలో కనిపించి నా చెయ్యి పట్టుకుని, "గోడ అవుతలనే ఉంటివి గద బిడ్డా" అంది. తిట్టినా బాగుండేది. ఆర్నెల్లలో దవాఖాన మూసేసి హైదరాబాద్ వచ్చేశాను. రెండేళ్లపాటు అపార్ట్‌మెంట్ల కుక్కపిల్లలకు టీకాలు వేశాక, గొర్రెల వాసన లేకపోతే నాకు ఊపిరాడదని అర్థమైంది. మా ఆయనది ఎక్కడ కూర్చునైనా చేసుకునే ఉద్యోగం. అమ్మాయిని జూన్‌లో కొత్త బడిలో చేర్చాలి. అందుకని మూడు చోట్లు రాసుకున్నాను: నార్కట్‌పల్లి, హుజూర్‌నగర్ దగ్గరి ఒక పల్లె, మక్తల్. సర్పంచి ఎన్నికలై కొన్ని నెలలే అయింది, ఊరి అసలు రంగు తెలిసేది ఇప్పుడే అనుకుని బయల్దేరాను.

తోడు మా నాన్న, మా బాపు వచ్చాడు. ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి, విజయవాడ రోడ్డు మీద ఏ దాబాలో పప్పు పలుచనో ఇప్పటికీ చెప్పగలడు. పొద్దున ఆరున్నరకు ఎల్బీనగర్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే నాకు జీరో టికెట్, బాపుకు నూట ముప్పై దాకా అయింది. "ఆడోళ్ల రాజ్యం వచ్చింది" అని సగం దూరం గొణుగుతూనే ఉన్నాడు. ఎనిమిదిన్నరకు నార్కట్‌పల్లిలో దిగాం. రోడ్డు మీది ఊరు కాబట్టి అక్కడ ఎవరు ఏ పార్టీ అన్నది ఎవరికీ పట్టదు, టైరు పంక్చరయినవాడికి రాజకీయం గుర్తురాదు కదా. కానీ గంటసేపు తిరిగితే నాకు లారీలు తప్ప గొర్రెలు కనపడలేదు. దవాఖాన పెట్టుకోవడానికి రోడ్డు పక్క మడిగ, అంటే దుకాణం గది, కిరాయి కూడా నా స్తోమతకు మించి ఉంది. ఇడ్లీ తినేలోపే ఆ ఊరు జాబితాలోంచి తీసేశాను.

అక్కడే మా కథ మలుపు తిరిగింది, మాకు తెలియలేదంతే. బాపు తన పాత తువ్వాలను బస్సులో మరిచిపోయాడు. బస్టాండు పక్కన ఒకాయన తువ్వాలలు కుప్పగా పోసి నలభై రూపాయలకొకటి అమ్ముతున్నాడు. "ఎలచ్చన్లకు తెప్పించినయి కాకా, మిగిలినయి. బట్ట మంచిది" అన్నాడు. బాపు ఒకటి తీసి భుజం మీద వేసుకున్నాడు. దాని రంగు ఇక్కడ రాయను. రాస్తే మీరంతా వ్యాఖ్యల్లో కొట్టుకుంటారు. "ఈ రంగేంటి బాపూ?" అంటే, "చెమట తుడుస్తే సాలు బిడ్డా, రంగుతోని నాకేం పని?" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది.

నల్గొండ, మిర్యాలగూడల మీదుగా హుజూర్‌నగర్ చేరేసరికి ఒంటిగంట దాటింది. కాలువ నీళ్లున్న సీమ, కళ్లకు చల్లగా ఉంటుంది. అక్కడినుంచి పల్లెకు తొమ్మిది కిలోమీటర్లు, వెయిటింగుతో కలిపి రానూపోనూ నాలుగు వందలకు ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు జానీ, ముప్పై ఏళ్లుంటాయి, ఆ పల్లెవాడే. ఊళ్లోకి అడుగుపెట్టగానే నా మనసు కుదుటపడింది. గోడల మీద ఒక్క ఫ్లెక్సీ లేదు. మైకు లేదు, గలాటా లేదు, వీధులు శుభ్రంగా ఉన్నాయి. ఇంత ప్రశాంతమైన ఊరే నాకు కావాల్సింది అనుకుని, మా ఆయనకు ఫొటో పంపి "ఖాయం చేసుకోవచ్చు" అని రాసేశాను. నా తొందర మీద నాకే ఇప్పుడు కోపం వస్తుంది.

ఇంటి యజమాని ముందురోజు ఫోన్లో "రండి డాక్టరమ్మా, మీ ఇల్లే అనుకోండ్రి" అన్న మనిషి. వాకిట్లోకి నవ్వుతూనే వచ్చాడు. నా వెనక వస్తున్న బాపు భుజం వైపు చూశాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది. "ఇల్లు మా అల్లునికి ఇద్దామనుకుంటున్నం, ఏమనుకోకుండ్రి" అన్నాడు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఏం తప్పు చేశామో తెలియక, కాస్త చాయ్ తాగుదామని ఎదురుగా ఉన్న హోటల్లోకి వెళ్లాం. హోటలాయన మమ్మల్ని చూసి, పొయ్యి మీద పాలు పొంగుతుండగానే, "చాయ్ లేదు. మీరు గా హోటల్‌కు పోవాలె" అని రోడ్డుకు అవతలున్న ఇంకో హోటల్ వైపు చెయ్యి చూపించాడు. అక్కడికి వెళ్తే మాకు బెంచీ తుడిచి మరీ చాయ్ ఇచ్చారు, బాపుకు పైసలు వద్దన్నారు. ఆ మర్యాదకు నాకు ముందటి అవమానం కంటే ఎక్కువ భయమేసింది.

తిరుగు దారిలో జానీ ఉండబట్టలేక చెప్పాడు. "మేడం, మీ బాపు భుజం మీద జెండా ఏసుకొని వచ్చిండు. నేను ముందుగాల్నే చెప్పాల్సింది, గని మీరు గా పార్టోళ్లే అనుకున్న."

"తువ్వాలకు కూడా లెక్కనా?"

"మా ఊర్ల రెండు హోటళ్లు, ఇద్దరు మంగలోళ్లు, మంచినీళ్ల ప్లాంట్లు గూడ రెండు. గీ పక్కోడు గా పక్క తాగడు. ఫ్లెక్సీలు కడితే తలలు పగులుతయని పెద్దమనుషులు కట్టనిస్తలేరు. గందుకే గింత సప్పుడు లేకుంట ఉంటది."

"మరి నువ్వెక్కడ తాగుతావు జానీ?"

"నేను ఇంట్ల తాగొస్త మేడం" అన్నాడు నవ్వకుండా.

బాపు తువ్వాల తీసి మడతపెట్టి సంచిలో దూర్చబోయాడు. పాపం, మొహం చిన్నబోయింది. నేను సంచిలోంచి తీసి మళ్లీ ఆయన భుజం మీదే వేశాను. "రేపు మక్తల్‌కు కూడా ఇదే వేసుకో బాపూ. నలభై రూపాయలకు ఇంత బాగా పనిచేసే పరీక్ష ఇంకెక్కడా దొరకదు" అన్నాను. "ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఊకనే అన్నరా" అన్నాడు గానీ తీయలేదు. ఆ రాత్రికి నల్గొండ బస్టాండు దగ్గర తొమ్మిది వందల గదిలో పడుకున్నాం. గది మామూలుగా ఉంది, బకెట్ మాత్రం కారుతుంది.

రెండో రోజు పొద్దున ఆరింటికి దేవరకొండ బస్సు, అక్కడ మారి కల్వకుర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్. నల్గొండ నుంచి మక్తల్‌కు అడ్డంగా వెళ్లడం ఓపిక ఉన్నవాళ్ల పని, ఎనిమిదిన్నర గంటలు పట్టింది. మీరు మక్తల్ ఒక్కటే చూడాలంటే హైదరాబాద్‌లో రాయచూర్ బస్సెక్కి కూర్చోండి, మధ్యలో దిగిపోవచ్చు. దారి పొడుగునా బాపు నాకు నచ్చజెప్తూనే ఉన్నాడు: పార్టీలు లేని ఊరు భూమ్మీద లేదని, దున్నపోతుల కొట్లాటలో దూడలు నలగడం ఎక్కడైనా ఉంటుందని, మళ్లీ కుక్కపిల్లలే నయమని. నేను కిటికీలోంచి మందలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మహబూబ్‌నగర్ దాటాక లెక్క తప్పింది, అన్ని ఉన్నాయి.

రెండున్నరకు మక్తల్‌లో దిగగానే నా ఆశ సగం చచ్చింది. ఎటు చూసినా ఫ్లెక్సీలే. చేతులు జోడించిన మొహాలు, వేలు చూపించే మొహాలు, ఒకదాని మీద ఒకటి. బస్టాండు దగ్గర చిన్న చాయ్ హోటల్లోంచి అరుపులు రోడ్డు దాకా వినిపిస్తున్నాయి. నర్సమ్మ అనే ఆమె నడుపుతుంది, మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు కూడా పెడుతుంది, ఇద్దరికీ కలిపి నూట ఇరవై. ఒకే బెంచీ మీద ఆరుగురు కూర్చుని చేతులు ఊపుకుంటూ కొట్లాడుతున్నారు. బాపు లోపలికి రాగానే అందరూ తువ్వాలను చూశారు.

వాళ్లలో బట్టతల ఆయన గట్టిగా, "ఏం పెద్దమనిషీ, ఓడిపోయినోళ్ల తువ్వాల ఏసుకొని ఎండల తిరుగుతున్నవ్, మంచిగున్నవా?" అన్నాడు. పక్కనున్న మీసాలాయన వెంటనే లేచి, "కూసో కాకా, నువ్వు మా దిక్కు కూసో. వానికి గెలిచిన పొగరు" అన్నాడు. బాపుకు రోషం వచ్చింది. "నా తువ్వాల నా చెమటది, మీ ఇద్దరిది గాదు" అన్నాడు. హోటలంతా నవ్వింది. బట్టతలాయనే జరిగి జాగా ఇచ్చాడు. అందరికీ ఒకే కెటిల్లోంచి చాయ్ వచ్చింది.

రొట్టె వడ్డిస్తుంటే నర్సమ్మను మెల్లగా అడిగాను, రోజూ ఇంతేనా, భయం వేయదా అని. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "కొట్లాడితే నాకేం ఫికర్ అమ్మా? గొంతు ఎండితే ఇంకో చాయ్ తాగుతరు. ఎవడన్న రాకుంట ఉంటే, ఇంటి ముంగటికెళ్లి తల తిప్పుకొని పోతే, గప్పుడు నాకు నిద్ర పట్టది."

నేను రొట్టె తినడం ఆపేశాను. నిన్నటి ఊరి నిశ్శబ్దాన్ని చూసి మురిసిపోయి ఫొటో పంపిన నా తెలివికి సిగ్గేసింది. అక్కడ మాటలు ఆగిపోయాయి కాబట్టి చప్పుడు లేదు. ఇక్కడ మాటలు ఇంకా మిగిలి ఉన్నాయి.

అయినా ఒక చాయ్‌కి లొంగిపోకూడదని గట్టిగానే అనుకున్నాను. మాకు మడిగ చూపిస్తానన్నది విత్తనాల దుకాణం ఖాదర్ సాబ్, డెబ్బై ఏళ్ల పెద్దాయన. రెండు షట్టర్లు, పైన మేం ఉండటానికి ఇల్లు, వెనక గొర్రెలను కట్టేయడానికి ఖాళీ జాగా. కిరాయి మాట ఎత్తకముందే ఆయన్ని నేరుగా అడిగాను: "సాబ్, గెలిచినవాళ్ల గొర్రె, ఓడినవాళ్ల గొర్రె ఒకేసారి వస్తే నేను ముందు ఎవరిది చూడాలి?"

ఆయన కళ్లద్దాలు తీసి నా వైపు చూశాడు. "ఏది సచ్చేటట్టున్నదో గది సూడమ్మా. గిది గూడ అడిగే సవాలేనా?"

నేను జవాబు చెప్పేలోపే నర్సమ్మ హోటల్ వైపునుంచి కేకలు. పొద్దున్నించీ నొప్పులు పడుతున్న గొర్రెను ఒక గొల్లాయన ఆటోలో వేసుకొచ్చాడు, డాక్టరమ్మ ఊళ్లో దిగిందని హోటల్లో అప్పుడే అందరికీ తెలిసిపోయింది. చూస్తే పిల్ల తల, ఒక కాలు బయటికి వచ్చాయి, రెండో కాలు లోపల మడతపడిపోయింది. సబ్బు, వేడినీళ్లు అడిగాను. పట్టుకోవడానికి ఇద్దరు కావాలన్నాను. వచ్చింది ఎవరనుకున్నారు, బట్టతలాయన, మీసాలాయన. పిల్లను కొంచెం వెనక్కి నెట్టి, వేళ్లతో ఆ కాలు అందుకోవడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ వాళ్ల కొట్లాట ఆగలేదు. "కాలు గట్టిగ పట్టు, మీ లీడర్ లెక్క నడుమల ఇడిశిపెట్టకు" అని ఒకడు, "నువ్వు తల పట్టు, మీకు తలకాయ అలవాటు లేదుగద" అని ఇంకొకడు. నవ్వొస్తోంది, చెయ్యి వణికితే పిల్ల పోతుంది. కాలు దొరికింది. లాగాను. పిల్ల జారి నేల మీద పడింది, కదల్లేదు.

"బట్ట, బట్ట" అని అరిచాను. బాపు తువ్వాల తీసి నా చేతిలో పెట్టాడు. మూతి తుడిచి, ముక్కులో గడ్డిపోచ పెట్టి, ఒళ్లంతా దానితోనే గట్టిగా రుద్దాను. తుమ్మింది. తల్లి వైపు మెడ తిప్పింది. మీసాలాయన కళ్లు తుడుచుకుంటూ, ఎండ ఎక్కువైందన్నాడు. తువ్వాల నెత్తురు, జిగురు, మట్టి కలిసి ఏ రంగో చెప్పలేనట్టు అయిపోయింది. ఆ సాయంత్రమే ఖాదర్ సాబ్‌కు అడ్వాన్సు ఇచ్చాను, మా ఆయనకు ఫోన్ చేసి అమ్మాయికి బడి చూడమన్నాను.

మక్తల్ దేవలోకం అని నేను రాయడం లేదు. నీళ్లకు ఇబ్బంది ఉంది, ఎండ నిర్దయగా ఉంటుంది, రేపు ఏదో ఎన్నిక వచ్చి ఆ బెంచీ కూడా రెండుగా విరిగిపోవచ్చు. విరిగితే నేను రెండు ముక్కల మీదా కూర్చుంటాను, రెండు హోటళ్లలోనూ తాగుతాను, ఎవరు ఏమనుకున్నా సరే. పోయినసారి నేను పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను, అదే నా తప్పు. ఈసారి గోడ అవతల మేక అరిస్తే గోడ దూకి వెళ్తాను, తర్వాత తిట్టుకోనీ. ఆ అవ్వకు చెప్పలేకపోయిన జవాబు ఇదే. ఇక మీలో ఇల్లు వెతుక్కుంటున్నవాళ్లకు ఒక్క సలహా: అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ ఊళ్లో రెండు వేర్వేరు హోటళ్లలో, మీకు తోచిన రంగు తువ్వాల భుజాన వేసుకుని, చాయ్ అడగండి. రెండు చోట్లా చాయ్ దొరికితే సామాను సర్దుకోండి.